లోడు లారీకి గేరు ఎప్పుడు మార్చాలి? మా మామ చెప్పిన లెక్క

సాఫ్ట్‌వేర్ జాబ్ మానేశాక నేను చేసిన మొదటి ప్రయాణం మా మామ లారీలో, మదనపల్లె నుంచి చెన్నైకి. పది టైర్ల బండి, నిండా టమోటా. కోడ్ రాసి వచ్చినోణ్ని కదా, గేరు మార్చడానికీ ఏదో ఫార్ములా ఉంటుందనుకున్నా. "మామా, ఎంత స్పీడ్‌కి ఏ గేరు?" అన్నా. "స్పీడు చూడొద్దు అల్లుడా, ఆ రెండో ముల్లు చూడు" అన్నాడు.

రెండో ముల్లు అంటే ఆర్‌పీఎం మీటర్. అందులో పచ్చ పట్టీ ఉంటుంది. బండిని బట్టి మారుతుంది, సుమారు 1200 నుంచి 1600 అనుకోండి. మన బైక్‌లా గీపెట్టేదాకా లాగితే లాభం లేదు, పెద్ద డీజిల్ ఇంజన్ బలమంతా కిందే ఉంటుంది. ముల్లు పచ్చ దాటబోతుంటే పై గేరు. వేశాక కూడా ముల్లు పచ్చలోనే పడాలి. కిందికి పడిందంటే మనం తొందరపడ్డట్టు.

ఎక్కుడులో ఇంకో సంగతి. క్లచ్ తొక్కిన ఆ ఒక్క సెకనులోనే లోడు బండి స్పీడ్ పోతుంది. సో ముల్లు పచ్చ కిందికి జారకముందే గేరు తగ్గించేయాలి. ఇంజన్ మూలిగేదాకా ఆగితే ఒక గేరు చాలదు, రెండు దించాలి.

అసలు కథ దిగుడులో ఉంది. భాకరాపేట ఘాట్ ఇంకా మొదలవలేదు, రోడ్డు చదునుగానే ఉంది. మామ అప్పుడే స్పీడ్ తగ్గించి కింది గేరు వేశాడు. "ఇప్పుడే ఎందుకు మామా?" అంటే, "దిగుడులో పడ్డాక గేరు పడదు రా" అన్నాడు.

ఎందుకు పడదంటే, దిగుడులో క్లచ్ తొక్కగానే బరువు బండిని తోసేస్తుంది. చక్రాల వేగం కింది గేరుకి ఎక్కువైపోతుంది. కింది గేరు పడదు, వదిలేసిన పాతదీ పడదు. బండి న్యూట్రల్‌లో ఇరుక్కుంటుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ కూడా గేరులో ఉంటేనే పనిచేస్తుంది. ఇక మిగిలింది కాలికింద బ్రేకే. అదే పనిగా తొక్కితే డ్రమ్ములు వేడెక్కి, లైనర్లు పట్టు వదిలేస్తాయి.

మరి కావాలనే న్యూట్రల్ కొట్టి దిగేవాళ్లున్నారు, డీజిల్ మిగులుతుందని. ఇప్పటి బీఎస్6 ఇంజన్లలో ఇది ఉల్టా. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే డీజిల్ సప్లై ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఇది నేను మామకి చెబితే, "మా ఓనర్ ట్రిప్పుకి ఇంతని డీజిల్ కొలిచి ఇచ్చేవాడు, మిగిలితే మాది" అన్నాడు.

అప్పుడు మామ క్లీనర్. డ్రైవర్ న్యూట్రల్‌లో వదిలాడు, బ్రేకులు పొగలొచ్చాయి. లోయలో పడకుండా ఎడమవైపు కొండకి ఆనించి ఆపాడు. ఎడమ డోర్ పక్క కూర్చున్నది మామ. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు లేవని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది. గేరు రాడ్డు పట్టేదీ ఆ చేత్తోనే.

ఘాట్ మొత్తం ఆ ఒక్క గేరులోనే దిగాం. వెనక కార్లు ఒకటే హారన్. మామ పట్టించుకోలేదు. కింద టీ కొట్టు దగ్గర ఆపి, ముందు చక్రాల పక్కన చెయ్యి ఆనకుండా పెట్టి వేడి చూశాడు. తర్వాతే టీ చెప్పాడు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఎయిర్ బ్రేకులు. ఉంటా మరి, బై.