బాట మీది ఊరు, ఇసుక కింది ఏరు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లివచ్చినవాళ్లు నయాగరా గురించీ, అక్కడి గుళ్ల గురించీ చెప్పడం ఆనవాయితీ. మా అబ్బాయి ఉద్యోగం పుణ్యమా అని నేను ఆరు మాసాలు ఉన్నది మాత్రం ఒక ఎడారి ఊళ్లో. మనలో చాలామందికి హైవే పక్క ప్లాట్లంటే మక్కువ. గ్రాట్యుటీ సొమ్ము అందులోనే పెట్టినవారు ఈ హాల్లోనే కొందరున్నారు. అందుచేత ఆ ఊరి సంగతి మనకూ పనికొస్తుందని కార్యదర్శి గారు అడగ్గానే ఒప్పుకున్నాను.

ఆ ఊరు విక్టర్‌విల్. కాలిఫోర్నియాలో, మొహావీ ఎడారి అంచున, లాస్ ఏంజెలిస్ నుంచి లాస్ వేగాస్ పోయే 15వ నంబరు ఇంటర్‌స్టేట్ రోడ్డు మీద ఉంది. సముద్రమట్టానికి 2,700 అడుగుల ఎత్తు. ఎండాకాలం మన అనంతపురమే. చలికాలం రాత్రి మాత్రం బకెట్లో నీళ్లు గడ్డకడతాయి. గాలి సంగతి చెప్పనక్కర్లేదు, కిటికీ సందుల్లో రోజూ ఇసుక తుడవాల్సిందే.

1990లో అక్కడి జనాభా సుమారు 40 వేలు. 2020 లెక్కల్లో 1,34,810. అంతమంది ఎందుకు వచ్చారంటే, కొండ కింది పట్టణాల్లో కొనలేని ఇల్లు ఇక్కడ కొనగలరు గనుక. ఇల్లు ఇక్కడ, జీతం అక్కడ. తెల్లవారకముందే కార్లు బారులు తీరి కహాన్ కనుమ దిగుతాయి, చీకటి పడ్డాక ఎక్కుతాయి. 2016 ఆగస్టులో ఆ కనుమలో కార్చిచ్చు రేగి రోడ్డు మూతపడింది. 80 వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయమన్నారు. ముఖ్యమైన దారే మూసుకుపోతే అలాంటి ఊరి గతి ఏమిటో ఊహించుకోండి.

ఇక వ్యాపారం. పూర్వం 66వ నంబరు రోడ్డు ఊరి నడిబొడ్డున, సెవెన్త్ స్ట్రీట్ మీదుగా పోయేది. హోటళ్లూ, మెకానిక్ షెడ్లూ అక్కడే. ఇంటర్‌స్టేట్ ఊరి పక్కగా పోవడంతో బేరాలు కూడా పక్కకు పోయాయి. ఇప్పుడు కొట్టు పెట్టేవాడు ఊరు చూడడు, రోడ్డు దిగే మలుపు ఎక్కడుందో చూస్తాడు. శుక్రవారం సాయంత్రం వేగాస్ పోయేవాళ్ల రద్దీ, ఆదివారం తిరిగొచ్చేవాళ్ల రద్దీ. మధ్య రోజుల్లో ఊరివాళ్లే దిక్కు. అమెరికాలో మోటెళ్లు నడిపేవారిలో మన గుజరాతీలు ఎక్కువ. అక్కడా ఒకాయన పరిచయమయ్యాడు. ఇల్లూ వాకిలీ మోటెల్లోనే. మొగుడూ పెళ్లాం వంతులవారీగా కౌంటరులో కూర్చుంటారు. లాభం కంటే జీతం మిగులు ఎక్కువేమో అనిపించింది నాకు.

ఊరికి పెద్ద ఆధారంగా ఉన్న జార్జ్ వైమానిక స్థావరాన్ని 1992లో మూసేశారు. ఆ రన్‌వేల మీదే ఇప్పుడు సరుకు విమానాశ్రయమూ, గిడ్డంగులూ. పని లేని విమానాలను అక్కడి పొడిగాలిలో వరసగా నిలిపి ఉంచుతారు. తుప్పు పట్టవట!

ప్లాట్ల మిత్రులు ఇది వినండి. 2008 ప్రాంతంలో గృహ రుణాలు కుప్పకూలాయి. 2009లో అదే ఊళ్లో 16 కొత్త ఇళ్లను, పూర్తయినవీ సగంలో ఉన్నవీ కలిపి, స్వాధీనం చేసుకున్న బ్యాంకే యంత్రాలు పెట్టి కూలగొట్టించింది. పూర్తిచేసి అమ్మడం కంటే పడగొట్టడమే చవక అని లెక్క తేలింది. రోడ్డు అలాగే ఉంది, కొనేవాడే లేడు.

అయితే నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది నీటి లెక్క. మొహావీ నది కొండల్లో పుట్టి, సముద్రం చేరకుండా ఎడారిలోనే ఇంకిపోతుంది. చాలా దూరం ఇసుక కిందే పారుతుంది, మన పెన్నలాగా. విక్టర్‌విల్ దగ్గర రాతి ఇరుకులో మాత్రం పైకి వస్తుంది. పైన ఊళ్లు పెరిగి బోర్లు తోడేస్తుంటే, దిగువనున్న బార్‌స్టో నగరం 1990లో కోర్టుకెక్కింది. 1996లో తీర్పు వచ్చింది. 1986 నుంచి 1990 వరకు ఎవరు ఏ ఏడాది గరిష్ఠంగా ఎంత తోడారో చూసి, ప్రతివారికీ ఖాతా తెరిచారు. వాటా దాటి తోడితే, బయటి నుంచి కాలువ నీరు కొనితెచ్చి భూమిలోకి ఇంకించే ఖర్చు వారే కట్టాలి. వాటా అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు. ఖాతాలు చూసే సంస్థను వాటర్‌మాస్టర్ అంటారు. మన ఊళ్ల నీరగంటి ఉద్యోగమే, కాకపోతే మీటర్లూ రిజిస్టర్లూ ఉన్నాయి. అందరూ ఒప్పుకోలేదు. కొందరు రైతులు పోరాడితే, వారి పూర్వపు హక్కును సమానత్వం పేరుతో పక్కన పెట్టకూడదని 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు అన్నది. అది న్యాయమే. ముందునుంచీ సాగు చేసుకుంటున్నవాడి నీటిని ఊరు పెరిగిందని ఊరికే లాక్కోవడం ఏమి ధర్మం?

మన పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక హైవే వెంట ధరలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. ఫ్యాక్టరీకి గొల్లపల్లి రిజర్వాయరు నీరుంది. పక్క వెంచర్లకు ఏముంది? బ్రోచరులో రోడ్డు వెడల్పు ఎన్ని అడుగులో రాస్తారు, బోరు లోతు ఎన్ని అడుగులో రాయరు. రిజిస్ట్రేషనుకు ముందు లేఅవుట్ అనుమతితో పాటు ఆ సంగతి కూడా కాగితం మీద అడగండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. వీసా, వైద్య బీమా వగైరా ప్రశ్నలకు టీ తాగేటప్పుడు నాకు తెలిసినంత చెబుతాను. సెలవు.