పగడపు తొట్టిలో రాళ్ళ కట్టడము

ఇంట గాజుతొట్టి నుంచుకొని మంచినీటి చేపలను పెంచువారు మనలో పలువురు కలరు. వారిలో కొందఱికి కొంతకాలమునకు ఉప్పునీటి మీదికి మనసు పోవును. పగడములు, పూవులవలె విచ్చుకొను సముద్రజీవులు, వాని నడుమ తిరుగాడు చిన్న చేపలు తమ కన్నుల యెదుట నుండవలెనని వారికి కోరిక పుట్టును. అప్పుడు వారు దీపములను గుఱించి, పంపులను గుఱించి, చేపల వెలలను గుఱించి విచారింతురు. రాళ్ళను గుఱించి విచారించువారు అరుదు. ఆ రాళ్ళే తొట్టికి పునాది, చేపలకు ఇల్లు, పగడములకు నేల. కనుక నేటి ప్రసంగమున వానిని గుఱించియే చెప్పదలచితిని.

ముందు నా తెలివితక్కువతనము నొకదానిని మనవి చేసెదను. నా మొదటి తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గలది. అడుగున ఇసుక పఱచి, దానిమీద రాళ్ళను గోడవలె పేర్చితిని. చూచుటకు సొగసుగానే యుండెను. మూడవ నెలలో ఒక రాత్రి గిన్నె జాఱిపడినట్లు చప్పుడైనది. లేచి దీపము వేసి చూడగా, పై రాయి జాఱి ముందు గాజునకు ఆనుకొని యున్నది. ఇసుకను త్రవ్వి గూడు చేసికొను చేప యొకటి అడుగు రాతి క్రింద ఎన్నినాళ్ళనుండియో త్రవ్వుచుండెను. ఆ రాతి క్రిందనే అది నలిగి చచ్చినది. గాజు పగులలేదు గాని, దానిమీద ఒక గీత పడినది. ఆ తొట్టిలో సుమారు 250 లీటర్ల నీరు కలదు. ఆ గదిలోనే మా పిల్లలు పరుండి యుండిరి. ఆ రాత్రి నాకు మరల నిద్ర పట్టలేదు. త్రవ్వుట చేపకు స్వభావము. తప్పు కట్టినవానిది.

కావున మొదటి సూత్రమేమనగా, రాయి ఇసుకమీద కూర్చుండరాదు. తొట్టి అడుగు గాజుమీద పలుచని ప్లాస్టిక్ పలక నొకదానిని పఱచి, దానిమీద అడుగు రాళ్ళను నిలిపి, ఇసుకను ఆ తరువాత వాని చుట్టును పోయవలెను. అప్పుడు చేప ఎంత త్రవ్వినను పునాది కదలదు. పలక యుండుటచేత రాతి మొన గాజును ఒక్కచోటనే ఒత్తదు.

రెండవ సూత్రము మన పల్లెల మూడురాళ్ళ పొయ్యి నేర్పునదే. మూడు రాళ్ళమీద పెట్టిన కుండ ఊగదు. నాలుగింటిమీద పెట్టినచో ఏదో యొకటి ఎత్తు తప్పి కుండ తడబడును. ప్రతి రాయియు తన క్రింది రాళ్ళను మూడుచోట్ల తాకునట్లు త్రిప్పి త్రిప్పి చూచి కూర్చుండబెట్టవలెను. పెద్దవి క్రిందను, చిన్నవి పైనను ఉండవలెను. రాళ్ళగోడ కట్టు మేస్త్రి ఒక్కొక్క రాతిని చేతనుంచుకొని ఎంతసేపు చూచునో గమనించినవారికి ఈ పని తేలిక.

ఇచ్చట ఒక భ్రమకు తావు కలదు. గట్టున కదలని రాయి నీటిలోను కదలదని తలంతుము. కాని నీట మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువునకు సమానమైన బరువును కోల్పోవును. పగడపు రాయి సున్నపు పదార్థము గనుక, నీటిలో దాని బరువులో మూడవవంతునకు పైగా తగ్గిపోవును. దానిని త్రోయుటకు నత్తయైనను, చేపయైనను, పంపు ప్రవాహమైనను చాలును. కాబట్టి బరువును మాత్రమే నమ్మక, రాళ్ళను ఒకదానితో నొకటి బంధింపవలెను. రాతికి రంధ్రము చేసి ఫైబరుగ్లాసు లేక ఆక్రిలిక్ కడ్డీని దూర్చి, ఎపాక్సీ ముద్దతో అతికింపవచ్చును. ఇనుప కడ్డీ త్రుప్పుపట్టును. రాగి తీగ మఱింత చెఱుపు. నీటిలో కొంచెము రాగి కరగినను పగడములు, రొయ్యలు బ్రతుకవు. సిమెంటు వాడినచో, కట్టడమును కొన్ని వారములు మంచినీట నానబెట్టి, నీరు మార్చుచు, దాని క్షారమును పోగొట్టవలెను.

కట్టడము తొట్టిలో మొదలు పెట్టరాదు. తొట్టి అడుగు కొలతలను అట్టమీద గీసి, బల్లమీదనే కట్టి చూడవలెను. నాలుగు ప్రక్కల గాజునుండి నాలుగు వ్రేళ్ళ ఎడము విడువవలెను. లేనిచో గాజు తుడుచుటకు చేయి దూరదు. పైన నీటిమట్టము క్రింద మూడవవంతు ఖాళీ యుండవలెను; పగడములు పెరుగును గదా! వెనుక గోడవలె కాక, రెండు దిబ్బలుగా కట్టి నడుమ త్రోవ విడిచినచో నీరు అన్ని వైపుల పాఱును. నీరు పాఱనిచోట మడ్డి చేరి కుళ్ళును.

ఇక రాళ్ళెచ్చటివి? 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్, సముద్రమునుండి తెచ్చిన సజీవమైన రాళ్ళతో తొట్టి నీరు నిర్మలముగా నుండుటను ఒక అమెరికా పత్రికలో వివరించెను. ఆ రాళ్ళ సన్నని రంధ్రములలో సూక్ష్మజీవులు నివసించి, చేపల మలమునుండి పుట్టు అమోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చును. అది విని మన తీరమున రాళ్ళేరుకొని వచ్చుటకు పూనుకొనరాదు. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో దిబ్బలు కట్టు పగడములు చేర్చబడినవి. వానిని తీయుట నేరము. అంతేకాదు, మన్నారు సింధుశాఖయందును, లక్షద్వీపములందును ఏండ్ల తరబడి పెరిగిన దానిని మన గది సొగసునకై పెరుకుట న్యాయమును కాదు. సున్నముతో మనుష్యులు చేసిన రంధ్రములు గల పొడిరాళ్ళు అంగళ్ళలో దొరకును. వానియందును ఆ సూక్ష్మజీవులు నివాస మేర్పఱచుకొనును. కొన్ని వారముల ఓపిక మాత్రము కావలెను.

కట్టడము ముగిసిన పిదప ఒక రాత్రి పొడిగానే విడువుడు. మఱునాడు ఉదయము ప్రతి రాతిని రెండు వ్రేళ్ళతో త్రోసి చూడుడు. కదలినదానిని విప్పి మరల కట్టుడు, జాలి పడవలదు. ఆ తరువాతనే లీటరునకు 35 గ్రాముల లవణముండునట్లు ఉప్పునీటిని నింపుడు. అమోనియా, నైట్రైటు రెండును పుట్టి, మరల లేకుండ పోవువఱకు చేపను తేవలదు.

నా రెండవ తొట్టి ఇట్లు కట్టినదే. దానిలోను త్రవ్వు చేప యొకటి యున్నది. ప్రతి రాత్రియు ఇసుక త్రవ్వి పోయుచునే యుండును. ఆ చప్పుడు వినుచు నేను నిద్రపోవుచున్నాను.