శిక్షగా పరుగెత్తించకండి

వ్యాయామ విద్యలో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. ఇక నా మనసులో మాట చెబుతాను.

నా ఉద్యోగమంతా అరకు కొండల్లోని ఆశ్రమ పాఠశాలల్లోనే గడిచింది. శుక్రవారం సంతకు పసుపు, రాజ్మా మూటలతో కొండ దిగి, పొద్దువాలేసరికి ఉప్పూ పప్పూ మోసుకుంటూ మళ్లీ ఎక్కే ఇళ్ల పిల్లలు వాళ్లు. నడక వాళ్లకు నేను నేర్పిన విద్య కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బళ్లు మూతపడ్డాయి, సంతలు ఆగిపోయాయి. పాఠాల కోసం సిగ్నల్ అందే గట్టెక్కి, ఫోన్ చుట్టూ గంటలకొద్దీ కూర్చున్నారు.

బడి తెరిచిన వారమే నేను పెద్ద తప్పు చేశాను. ఆలస్యంగా వచ్చినవాళ్లను గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తమన్నాను. మూడో రౌండులో ఒక అమ్మాయి మోకాళ్లు పట్టుకుని కూలబడింది. వాళ్లింట్లో అందరికీ జ్వరం వచ్చి తగ్గిందని తర్వాత తెలిసింది. నెలల తరబడి వాడని కండ బలం కోల్పోతుందని, దమ్ము తగ్గుతుందని నేను చదువుకున్నాను, అయినా ఆ పిల్లను అడగలేదు.

మర్నాడు విజిల్ జేబులో పెట్టి థింసా నృత్యం చేయమన్నాను. తుడుం మోగింది. ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, అడుగులో అడుగేస్తూ కదిలారు. పక్కవాళ్లతో మాట్లాడగలిగినా పాడేంత ఊపిరి మిగలకపోతే, అది మధ్యస్థ శ్రమ. మొదటి రోజు పది నిమిషాలే. నాలుగు రోజులకోసారి కొంచెం పెంచాం. అలాంటి శ్రమ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు అని 2020లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అక్కడికి మెట్టుమెట్టుగానే చేరాలి. జబ్బు లక్షణాలు పోయాకే మొదలుపెట్టాలి. ఛాతీ నొప్పి, గుండెదడ, ఆయాసం ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. మన కొండల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లలున్నారు. దాహం, చలి, అతిశ్రమ వాళ్లకు నొప్పులు తెప్పిస్తాయి. నీళ్లు తాగించండి, అడిగినప్పుడు కూర్చోనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే కోప్పడతాను. గుంజీళ్లు కాళ్లకు బలమిచ్చే మంచి కసరత్తు. హోంవర్కు చేయలేదని వాటినే తీయిస్తే, ఆ పిల్లకు పెద్దయ్యాక కూడా మోకాలు వంచిన ప్రతిసారీ అవమానమే గుర్తొస్తుంది. అలవాటు అక్కడే చచ్చిపోతుంది. మీలో ఎవరైనా అలా చేశారని నా చెవిన పడిందా, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా వచ్చి చీవాట్లు పెడతాను. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి ఇచ్చేసినా అంతే!

పరుగులో కూలబడిన ఆ అమ్మాయి మూడు రోజులు చెట్టు కింద కూర్చుని థింసా చూసింది. నాలుగో రోజు తనే లేచొచ్చి వరుస చివర చేయి కలిపింది. నేను పిలవలేదు.

రేపు మీ మొదటి పీరియడ్‌లో విజిల్ ఊదేముందు ఒక్కొక్కరినీ అడగండి: "ఒంట్లో ఎలా ఉందమ్మా?"