మిరియాల నీటిలో కనబడిన లోకము

(మధురలో సంఘ భవనమునందు బాలబాలికల ప్రయోగ ప్రదర్శనమును ప్రారంభించుచు చేసిన ప్రసంగము)



ఈ ప్రదర్శనమును ప్రారంభింపవలసినదిగా కార్యవర్గమువారు కోరినప్పుడు నేను సందేహించితిని. రసాయనశాస్త్రమును బోధించు ఉపాధ్యాయులు మనలో ఉండగా, మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి పచారీకొట్టులో తక్కెడ పట్టిన నన్నెందుకు పిలుచుచున్నారని అడిగితిని. అందులకు కార్యదర్శిగారు, "పిల్లలు బల్లలమీద అమర్చినదంతా పసుపు, సున్నము, పటిక, చింతపండు, మిరియాలు. ఇదంతా మీ కొట్టు సరకే గదా!" అనిరి. ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోతిని. కావున శాస్త్రజ్ఞునిగా గాక, సరకు తెలిసిన వర్తకునిగా నాలుగు మాటలు మనవి చేసెదను. ముఖ్యముగా మిరియాలను గురించి రెండు కథలు చెప్పెదను. ఒకటి హాలెండు దేశమున జరిగినది. రెండవది నా కొట్టులోనే జరిగినది.

హాలెండులో డెల్ఫ్టు అను పట్టణము కలదు. అచట 1632లో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అనునాతడు జన్మించెను. అతడు చిన్నతనమున ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బట్టల వర్తకునివద్ద పని నేర్చుకొని, 1654 ప్రాంతమున స్వస్థలమునకు వచ్చి సొంతముగా బట్టలకొట్టు పెట్టుకొనెను. పిమ్మట పట్టణపు కచేరీలో చిన్న ఉద్యోగము కూడ లభించెను. ఆ శతాబ్దముననే అతని దేశపు వర్తకులు మచిలీపట్టణమున కోఠీ పెట్టి, మన తెలుగు నేతగాండ్రు నేసిన వస్త్రములను ఓడలకు ఎత్తుచుండిరి.

ఈ బట్టల వర్తకుడు విశ్వవిద్యాలయము ముఖము చూచినవాడు కాడు. నాటి పండితుల భాషయగు లాటిన్ అతనికి రాదు. కాని అతనికొక వ్యసనము ఉండెను. గాజును తన చేతులతోనే సానపట్టి, చిన్న గింజంతటి కటకములు చేసి, రెండు లోహపు రేకుల నడుమ బిగించి, కంటికి ఆనించి, దొరికినదెల్ల చూచుచుండెను. చెరువునీరు, నెత్తురు, పంటిపాచి, ఈగకాలు, ఏదియు విడువలేదు.

మిరియము నాలుకను ఎందుకు మండించునో తెలిసికొనవలెనని అతనికి ఒకనాడు కోరిక పుట్టెను. గింజలు మెత్తబడినచో పరీక్షించుట సులభమని తలచి, కొన్ని మిరియాలను నీటిలో నానవేసి తన గదిలో ఉంచెను. నీరు తగ్గినప్పుడు మంచు కరగిన నీటిని పోసెను. సుమారు మూడు వారములు గడచినవి. 1676 ఏప్రిల్ 24వ తేదీన ఆ నీటిబొట్టును కటకముతో చూడగా, అందులో లెక్కకు అందనన్ని సూక్ష్మప్రాణులు కదలాడుచుండెను. నేడు మనము బాక్టీరియా అని పిలుచునవి కూడ వానిలో ఉండెను. వెదకినది మిరియపు ఘాటు. దొరికినది ఒక క్రొత్త లోకము! అతడు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రము చాల ఆలస్యముగా వచ్చెను. ఆ ఘాటునకు కారణమగు పైపరిన్ అను పదార్థమును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఎయిర్‌స్టెడ్ 1819లో కనుగొనెను. అనగా నడుమ నూటనలుబది యేండ్లకు మించి గడచినవి.

లీవెన్‌హుక్ తాను చూచినదంతయు వ్రాసి లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. ఏ భాషలో వ్రాసెననుకొన్నారు? తన ఇంటిభాషయగు డచ్చిలోనే వ్రాసెను. అతనికి మరియొక భాష రాదు. చదువవలసిన పండితులే దానిని భాషాంతరము చేయించుకొనిరి. ఒక్క నీటిచుక్కలో అన్ని ప్రాణులుండుట వారికి నమ్మశక్యముగా తోచలేదు. అట్లని ఆ లేఖను చెత్తబుట్టలో పడవేయలేదు. లీవెన్‌హుక్ కూడ కోపించి ఊరకుండలేదు. తన ఊరి పెద్దలను పిలిచి, వారి కండ్లకు చూపి, ఎనిమిదిమందిచేత సాక్ష్యపత్రములు వ్రాయించి పంపెను. లండనులో రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు తానును మిరియాలు నానవేసి, 1677 నవంబరులో ఆ ప్రాణులను సభ్యులకు చూపెను. 1680లో ఆ బట్టల వర్తకుని రాయల్ సొసైటీవారు తమ సభ్యునిగా ఎన్నుకొనిరి.

సోదరులారా, శాస్త్రమునకు ప్రాణము ఇచటనే ఉన్నది. చెప్పినవాడు ఎంత పెద్దవాడు అని కాదు; చెప్పినదానిని మరియొకడు తన చేతులతో చేసి చూచినప్పుడు అట్లే జరిగినదా, లేదా అనునదే లెక్క. తక్కెడకు అయినవాడు, కానివాడు అను భేదము లేనట్లే ప్రయోగమునకును లేదు. ఈ మాట నాకు పుస్తకమువలన తెలియలేదు. నా తమ్ముని కుమార్తెవలన తెలిసినది. ఇక రెండవ కథకు వచ్చెదను.

ఆ బాలిక అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. మంచి మిరియాలు నీటిలో మునుగునని, కల్తీకి కలుపు బొప్పాయి గింజలు తేలునని ఎవరో చెప్పగా విని, ఒక సాయంకాలము కొట్టుకు వచ్చి, అమ్మకపు డబ్బానుండి గుప్పెడు మిరియాలు తీసి గాజు గ్లాసులోని నీటిలో వేసెను. ఎదుట ఇద్దరు బేరగాండ్రు నిలిచియుండిరి. "పెద్దనాయనా, మన మిరియాలు తేలుతున్నాయి!" అని గట్టిగా అరచెను. నాకు తల కొట్టివేసినట్లయ్యెను. "లోపలికి పో" అని కసరితిని. ఆ బిడ్డ కండ్లనీళ్లు పెట్టుకొని వెడలిపోయెను. నేడు అందరి యెదుట ఒప్పుకొనుచున్నాను, ఆనాడు తప్పు నాది.

రాత్రి కొట్టు కట్టిన తరువాత ఆమెను పిలిచి, "అమ్మా, తేలినంతమాత్రాన కల్తీ అని చెప్పరాదు. వడ్లలో తాలు ఉన్నట్లే మిరియాలలోను తాలు ఉంటుంది. లోపల గుల్లగా ఉన్న గింజ మంచిదైనా తేలుతుంది" అంటిని. నేను చెప్పినది అబద్ధము కాదు. కాని దానిచాటున తప్పించుకొనవలెనను ఆశయు నాలో ఉండెను. ఆమె కొంచెము ఆలోచించి, "అయితే తేలినవాటిని కోసి చూద్దాం, పెద్దనాయనా" అనెను.

మరునాడు ఒక బొప్పాయిపండు కొని, దాని గింజలను కడిగి ఎండబెట్టితిమి. పోల్చి చూచుటకు అసలు సరకు చేతిలో ఉండవలెను గదా! ఎండిన పిదప భూతద్దము పెట్టి రెంటిని ప్రక్కప్రక్కన చూచితిమి. మిరియము గుండ్రముగా ఉన్నది. బొప్పాయి గింజ కోలగా ఉన్నది. కొరికినచో మిరియపు ఘాటు దానికి లేదు. అదే సరకులో విప్పని బస్తా మరియొకటి ఉండెను. దానిని విప్పి పైనుండి నూరు, నడుమనుండి నూరు, అడుగునుండి నూరు గింజలు తీసి పరీక్షించితిమి. పైవానిలో తేలినవన్నియు తాలు మిరియాలే. నడుమ తీసినవానిలో ఏడు బొప్పాయి గింజలు ఉండెను. అడుగున తీసినవానిలో పదునొకండు ఉండెను. ఇరువది యేండ్లుగా బస్తా మూతివిప్పి, పైన ఒక గుప్పెడు తీసి వాసనచూచి సరకు కొనుచున్న నా తెలివి ఆనాడు తేటతెల్లమయ్యెను.

సరకు పంపినవారు బస్తాలు విప్పితిరి గనుక తమకు బాధ్యత లేదనిరి. ఆ నష్టమును నేనే భరించితిని. ఆ నెలలో మిరియాలు కొనినవారు తిరిగి తెచ్చినచో సొమ్ము ఇచ్చెదనని కొట్టుముందు పలక వ్రాసి కట్టితిని. వచ్చినవారు ఇద్దరే. కాని ఆనాటినుండి నా కొట్టులో తక్కెడప్రక్కన ఒక గాజు గ్లాసు, నీరు ఎల్లప్పుడు ఉండును. ఎవరైనను పరీక్షించి కొనవచ్చును. పసుపుపొడిని కూడ పరీక్షింపవచ్చును. చెంచాడు పొడి నీటిలో వేసి కదల్పక ఉంచినచో, మంచి పసుపు అడుగునకు దిగుచు నీటికి లేతరంగు మాత్రమే ఇచ్చును. నీరు ముదురు పసుపుగా మారినచో కృత్రిమపు రంగు కలిసినదేమో అని అనుమానింపవలెను. అనుమానము తీరుటకు పరీక్షశాలకు పంపవలెను.

ఇక బల్లలమీద పిల్లలు అమర్చిన ప్రయోగములను చూడుడు. మొదటి బల్లమీద పసుపు పూసి ఎండబెట్టిన కాగితములు కలవు. దానిపై సున్నపుతేట చుక్క వేసినచో ఎరుపెక్కును. ఆ మచ్చపై నిమ్మరసము పిండినచో మరల పసుపుపచ్చ అగును. పసుపులోని కర్కుమిన్ అను పదార్థము క్షారము తగిలిన ఎరుపు, ఆమ్లము తగిలిన పసుపు చూపును. మన తల్లులు పళ్లెములో పసుపునీళ్లలో సున్నము కలిపి ఎర్రనీళ్లు దిష్టి తీయునప్పుడు చేయుచున్నది ఈ ప్రయోగమే. పసుపుమరక పడిన తెల్లబట్టకు సబ్బు రుద్దగనే మరక ఎర్రబడుట గృహిణులందరు చూచినదే. రెండవ బల్లమీద సున్నపుతేట గ్లాసు కలదు. గొట్టముతో దానిలోనికి ఊపిరి ఊదినచో పాలవలె తెల్లబడును. మన శ్వాసలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి సుద్దగా మారుటయే అందులకు కారణము. సున్నపు గోడ నాళ్లు గడచినకొలది గట్టిపడుటకును ఇదే మూలము.

రంగును చూచి పదార్థమును గుర్తించుట పిల్లల ఆట అనుకొనరాదు. భీమవరమున 1895లో జన్మించి, మదరాసులో వైద్యవిద్య నేర్చి, అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ఇట్టిదే. రక్తము మొదలగువానిలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో, ద్రవములో పుట్టు నీలిరంగు గాఢతనుబట్టి కొలుచుటయే ఆ పద్ధతి. ఆ ఇరువురి పేర్లతోనే అది లోకమున ప్రసిద్ధమైనది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. నాయకరాజుల కాలమునుండి ఈ దేశమున నివసించుచున్న కుటుంబములు మనలో ఎన్నో కలవు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. ఇంగ్లీషు లేక పై చదువులు లేవు. అయినను ఇంటిలో తెలుగు దేనికి మిగులుచున్నది? తినుటకు పిలుచుటకు, కోపపడుటకు, పెండ్లి మాటలు మాటలాడుటకు మాత్రమే మిగులుచున్నది. ప్రశ్న అడుగుటకు పనికిరాని భాష క్రమముగా వంటింటి మూలకు చేరును. పిమ్మట అచటనుండియు వెడలిపోవును. పుస్తకములో కాపర్ సల్ఫేటు అని చదువు బిడ్డకు, అది మన కొట్లలోని మైలుతుత్తమే అని తెలియదు. పొటాషియం నైట్రేటు మన సురేకారము. బోరాక్సు మన వెలిగారము. అమ్మోనియం క్లోరైడు మన నవాసారము. ఈ పేర్లన్నియు మన పెద్దలు సరకు తూచుచు, మందు నూరుచు కాపాడి ఇచ్చినవి. ఆ పేరు, ఈ పేరు ఒక్క వస్తువునకే చెందునని తెలిసిననాడు, బడి ఇంటికి వచ్చును, ఇల్లు బడికి పోవును.

కావున ప్రతి ఇంటను ఒక నోటుపుస్తకము పెట్టుడు. చేసినది ఏమి, అనుకొన్నది ఏమి, కనబడినది ఏమి, మిగిలిన సందేహము ఏమి, ఈ నాలుగును పిల్లలచేత తెలుగులో వ్రాయింపుడు. అవ్వ, తాత ప్రక్కన కూర్చుండి చూచి చేవ్రాలు చేయవలెను. డెల్ఫ్టు పట్టణమున ఎనిమిదిమంది సాక్షులు ఉండిరి గదా, మన ఇండ్లలో ఆ సాక్షులు వారే కావలెను.

పిల్లలకొక హెచ్చరిక. సున్నపునీటిని పొరపాటుననైనను పీల్చరాదు, కంటిలో పడనీయరాదు. మైలుతుత్తము విషము. ఆమ్లములను, మండు వస్తువులను పెద్దలు దగ్గరలేక ముట్టరాదు. ప్రయోగమునకు వాడినదేదియు నోట పెట్టరాదు.

ఆ చివరి బల్లమీద ఒక సీసా కలదు. అందులో మూడు వారముల క్రిందట మిరియాలు నానవేసితిమి. ప్రక్కన కాగితపు సూక్ష్మదర్శిని యొకటి ఉన్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మను ప్రకాశ్ అను భారతీయుడును, ఆయన సహచరులును 2014లో ప్రకటించిన పరికరము అది. వస్తువును సుమారు నూటనలుబది రెట్లు పెద్దదిగా చూపును. దాని క్రింద ఆ నీటిచుక్కలో ఏమి కనబడునో నేనింకను చూడలేదు. కదలు ప్రాణులు కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కనబడినది కనబడినట్లే వ్రాయుడు. కనబడనిచో అదియు వ్రాయుడు. మొదట చూచు అధికారము, ఆనాడు నేను కసరి పంపిన బిడ్డది. అమ్మా, ఇటు రా. నీవు చూచి, ఈ సభవారికి తెలుగులో చెప్పుము.