వ్రేళ్ళతో మీటువారికి ఎట్టి గిటారు?

గిటారు కొనదలచి అంగడికి పోయినవారికి మొట్టమొదట కనబడునది గోడకు వ్రేలాడు పెద్ద గిటారు. అమ్మువాడు దానిని దించి, చేతిలోని బిళ్ళతో ఆరు తీగలను ఒక్కసారిగా మీటును. అంగడి యంతయు మ్రోగును. ధర యించుమించుగా ఒక్కటే యైనపుడు పెద్దదానిని కొనుట లాభమని గృహస్థునకు తోచుట సహజమే. ఇంటికి వచ్చిన పిమ్మట కుమార్తెయో కుమారుడో దానిని ఒడిలో నుంచుకొని, బిళ్ళ లేకుండ వ్రేళ్ళతో ఒక్కొక్క తీగను మీట నారంభింతురు. అంగడిలో మ్రోగిన నాదము ఇప్పుడు వినరాదు. పెట్టె అంచు చంకలో ఒత్తుకొని భుజము నొచ్చును. ఆరు నెలలు గడచునప్పటికి వాద్యము బీరువాపై కెక్కును. పిల్లలకు ఓపిక లేదని పెద్దలందురు. పెక్కు సందర్భములలో లోపము ఓపికది కాదు, కొలతది. ఆ కొలతను గూర్చియే నేడు కొంత ముచ్చటింప దలచితిమి.

ముందుగా మాటల సంగతి. వీణకు కుండ యెట్టిదో, గిటారుకు నడుము నొక్కినట్లుండు చెక్కపెట్టె అట్టిది. వీణకు వలెనే దీనికిని దండి కలదు, దండిపై మెట్లు కలవు. ఆరు తీగలలో లావైన మూడును మంద్రమును, సన్ననివి మూడును తారమును పలుకును. వ్రేళ్ళతో మీటు పద్ధతిలో బొటనవ్రేలు మంద్రపు తీగలపై లయ తప్పక నడచుచుండును. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఒక్కొక్కప్పుడు ఉంగరపు వ్రేలు సన్నని తీగలపై పాటను పలికించును. ఒక్కరు వాయించుచుండగా ఇద్దరు వాయించుచున్నట్లు వినిపించుటయే యీ పద్ధతి సొగసు.

ఈ విద్య అమెరికాలోని సామాన్యుల యిండ్లలో పెరిగినది. మిసిసిపీ రాష్ట్రమున అవలాన్ అను పల్లెలో వ్యవసాయపు పనులతో జీవించిన జాన్ హర్ట్ 1928లో కొన్ని పాటలను రికార్డులకు ఇచ్చి, మరల తన పల్లెకు పోయెను. 1963లో ఆయనను వెదకి పట్టుకొని లోకమునకు మరల పరిచయము చేసిరి. 1966లో ఆయన కన్నుమూసెను. ఆయన బొటనవ్రేలి నడక గడియారపు టిక్కుటిక్కు వలె నిలుకడగా నుండును. పాట దానిపై తేలిపోవుచుండును. ఉత్తర కరోలినాకు చెందిన ఎలిజబెత్ కాటెన్ ది ఎడమచేతి వాటము. ఆమె కుడిచేతివారికై తీగలు కట్టిన గిటారునే తలక్రిందులుగా పట్టుకొని, బొటనవ్రేలితో పాటను, తక్కిన వ్రేళ్ళతో మంద్రమును పలికించెడిది. చిన్ననాట ఇంటిపని చేసి కూడబెట్టిన సొమ్ముతో 3.75 డాలర్లకు కొనిన గిటారుపై ఆమె అభ్యాసము మొదలైనది. వాద్యమునకు చేతిని లొంగదీయుట కంటె చేతికి వాద్యమును అమర్చుకొనుట మేలని ఇట్టివారి చరిత్ర బోధించుచున్నది.

నేడు మనము చిన్న గిటారు అనుచున్నది ఒకప్పుడు గిటారుకు సహజమైన పరిమాణమే. జర్మనీ దేశము నుండి 1833లో న్యూయార్కు చేరి, తరువాత పెన్సిల్వేనియాలోని నజరెత్ పట్టణమున స్థిరపడిన మార్టిన్ కుటుంబమువారు 19వ శతాబ్దిలో చేసిన గిటారులలో పెక్కింటి పెట్టె వెడల్పు 12, 13 అంగుళములకు మించదు. ఇంటి ముందుగదిని అచ్చటివారు పార్లరు అందురు గనుక, ఆ గదిలో వాయించుకొను చిన్న గిటారుకు పార్లరు గిటారు అను పేరు నిలిచినది. అటుపిమ్మట గిటారు ముందుగది విడిచి బయటికి వచ్చెను. బాంజో, మాండలిన్, ఫిడేలు వాయించువారి ప్రక్కన కూర్చుండవలసి వచ్చెను. మైక్రోఫోను లేని సభలో దాని గొంతు వినబడలేదు. అందుచే పెట్టెను పెంచిరి. 1916లో బోస్టనులోని డిట్సన్ కంపెనీ కొరకు మార్టిన్ వారు వెడల్పయిన నడుము, లోతైన పెట్టె గల గిటారును చేసిరి. 1906లో జలప్రవేశము చేసిన బ్రిటిషు యుద్ధనౌక పేరు మీద దానికి డ్రెడ్‌నాట్ అని పేరు పెట్టిరి. 1931 నుండి దానిని తమ సొంత పేరుతోనే విక్రయింప సాగిరి. నేడు ప్రతి యంగడిలోను మొదట కనబడునది దాని సంతతియే. అనగా ఆ పెద్ద పెట్టె సభలో పదిమంది నడుమ వినబడుటకై పుట్టినది.

కొలతలు తెలిసికొనిన ఎంపిక సులభమగును. మార్టిన్ వారు తమ గిటారులకు సున్నలతో గుర్తులు పెట్టిరి. ఇతరులును పెక్కుమంది ఆ గుర్తులనే అనుసరించిరి. ఒక సున్న గల గిటారు పెట్టె వెడల్పు పదమూడున్నర అంగుళములు. రెండు సున్నలది పదునాలుగుంబావుకు కొంచెము ఎక్కువ. మూడు సున్నలది పదునైదు. డ్రెడ్‌నాట్ పదునైదున్నరకు కొంచెము ఎక్కువ. చివరి రెండింటికిని భేదము అంగుళములో కొంత భాగమే గదా యని తోచవచ్చును. కాని డ్రెడ్‌నాట్ నడుము సన్నగిల్లదు. లోతు ఐదంగుళములకు కొద్దిగా తక్కువ. మూడు సున్నల గిటారు లోతు నాలుగంగుళములకు కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఒడిలో కుదురుటకును, చేయి చుట్టి వచ్చుటకును నడుము సన్నదనము, లోతు తక్కువగుట ముఖ్యము. 1929లో అట్లాంటాకు చెందిన పెర్రీ బెక్టెల్ అను బాంజో విద్వాంసుడు కోరగా, మార్టిన్ వారు మూడు సున్నల పెట్టెను కొంత సవరించి, పన్నెండింటికి మారుగా పదునాలుగు మెట్లు పెట్టెకు వెలుపల నుండునట్లు ఒక గిటారును చేసిరి. ఆర్కెస్ట్రా మోడల్ అను ఆ నమూనా నేటికిని వ్రేళ్ళతో మీటువారి అభిమానమును పొందుచున్నది.

చిన్న పెట్టె యెందుకు అనుకూలము? తీగ కదలిక బ్రిడ్జి ద్వారా పైపలకకు అందును. పలక కదలగా పెట్టెలోని గాలియు కంపించును. పెట్టె పెద్దదైనకొలది ఆ గాలి మంద్రస్వరములకు ఎక్కువగా స్పందించును. గిటారులో అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 82 కంపనములు చేయును. దాని ప్రక్క తీగ 110. పెద్ద పెట్టెలో ఈ రెండును గుమ్మని లేచి, కొంతసేపు నిలిచిపోవును. బిళ్ళతో అన్ని తీగలను కలిపి మీటి పాడువానికి ఆ గుమ్మనుట అండ. వ్రేళ్ళతో మీటువానికి అది అడ్డు. బొటనవ్రేలి స్వరము చూపుడువ్రేలి స్వరమును మ్రింగివేయును. దానిని అధిగమింప నభ్యాసకుడు సన్నని తీగలను గట్టిగా లాగును. చేయి బిగియును. మొదటి సంవత్సరమున అలవడిన బిగువు తరువాత తొలగుట కష్టము. చిన్న పెట్టెలో మంద్రము కొంత అణగి, రెండు గొంతులును సరితూగును. తేలికగా కట్టిన చిన్న పలక వ్రేలికొన తగిలిన మాత్రమున పలుకును.

చిన్నదగుట ఒక్కటియే చాలదు. స్పెయిన్ దేశపు శిల్పి ఆంటోనియో ద తోరెస్ 1862లో ప్రక్కలను, వెనుక భాగమును అట్టతో చేసి, పైపలకను మాత్రము మంచి కొయ్యతో కట్టి ఒక గిటారును నిర్మించెను. నాదమునకు పైపలకయే ప్రాణమని నిరూపించుట ఆయన ఉద్దేశము. పలక మందముగా నుండి, దానిక్రింది బద్దలు మోటుగా నున్నచో, గిటారు ఎంత చిన్నదైనను మూగగానే యుండును. పైపలక ఒకే స్ప్రూస్ కొయ్యదా, లేక పొరలు అంటించిన చెక్కదా యని అడిగి తెలిసికొనుడు. పొరల చెక్క గట్టిదే. కాని నాదములో ఒకే కొయ్యకు సాటి రాదు.

ధ్వనిని వినుటయే వృత్తిగా గల మేము మరియొక మాట చెప్పవలసి యున్నది. మైక్రోఫోను వచ్చిన పిమ్మట పెద్ద గొంతు అవసరము చాలవరకు తీరినది. మైకునకు దగ్గరగా పెద్ద పెట్టె గిటారును వాయించినపుడు మంద్రము ముసరుకొనును. ఇంజనీరు దానిని తగ్గింపవలసి వచ్చును. సమతూకము గల చిన్న గిటారు ఉన్నదున్నట్లుగా వినిపించును. 1992లో ఎరిక్ క్లాప్టన్ విద్యుత్సాధనములు విడిచి వాయించిన సుప్రసిద్ధ కార్యక్రమములో ఆయన చేతిలో నున్నది 1939 నాటి మూడు సున్నల మార్టిన్ గిటారు. 2004లో అది వేలములో 7,91,500 డాలర్లకు అమ్ముడుపోయెను. గాయని జోన్ బయజ్ తన గానమునకు తోడుగా వాయించినది 1929 నాటి ఒక సున్న గిటారు. వేలమంది విన్న గొంతునకు ఆ చిన్న పెట్టె చాలినది. మన ముందుగదికి చాలదా?

ఇక అంగడిలో చేయవలసిన పరీక్షలు. మొదటిది, కూర్చుండి గిటారును ఒడిలో నుంచుకొనుడు. కుడి భుజము పైకి లేవకుండ, మోచేయి పెట్టె అంచుపై సుఖముగా నిలువవలెను. వాయించువారు పిల్లలైనచో వారినే వెంట తీసికొనిపొండు. తండ్రి ఒడికి కుదిరినది కుమార్తె ఒడికి కుదరదు. రెండవది, బిళ్ళను అమ్మువాని చేతికే తిరిగి ఇచ్చి, వ్రేళ్ళతో మెల్లగా మీటుడు. బొటనవ్రేలితో మంద్రపు తీగ నొకదానిని, వెంటనే చూపుడువ్రేలితో సన్నని తీగ నొకదానిని పలికించి, రెండును విడివిడిగా వినబడుచున్నవో లేదో చూడుడు. మెల్లగా మీటినపుడు పలుకని గిటారు ఇంటికి వచ్చిన తరువాత పలుకదు. మూడవది, పన్నెండవ మెట్టు కడ తీగను మెత్తగా తాకి మీటినపుడు వచ్చు స్వరమును, అచ్చటనే నొక్కి మీటినపుడు వచ్చు స్వరమును పోల్చుడు. రెండును ఒక్కటే కావలెను. నాలుగవది, మరియొకరిచేత వాయింపజేసి ఎదుట కూర్చుండి వినుడు. వాయించువానికి వినబడునది, ఎదుటివానికి వినబడునది ఒక్కటి కాదు.

దండిని గూర్చియు రెండు మాటలు. దండి పైకొనను తీగలు ఆనుకొను చిన్న పట్టీ వెడల్పు సామాన్యముగా 43 మిల్లీమీటర్లు. వ్రేళ్ళతో మీటువారికి 44.5 మిల్లీమీటర్లది మేలు. ఒకటిన్నర మిల్లీమీటరు స్వల్పమే యైనను, తీగల నడుమ వ్రేలికొనకు చోటు కలుగును. తీగ పొడవులోను రెండు కొలతలు ఎక్కువగా కనబడును: 25.4 అంగుళములు, 24.9 అంగుళములు. పొడవు తగ్గిన తీగలకు అదే శ్రుతిలో బిగువు నూటికి నాలుగు పాళ్ళు తగ్గును. ఎడమచేతి వ్రేళ్ళు పొట్టివైనవారికిని, వయస్సు మీరిన తరువాత నేర్చుకొనువారికిని ఆ నాలుగు పాళ్ళు మిక్కిలి ఉపకరించును. పన్నెండవ మెట్టు కడ లావు తీగ ఎత్తు సుమారు రెండున్నర మిల్లీమీటర్లకు మించరాదు. సన్న తీగ ఎత్తు అంతకంటె తక్కువగా నుండవలెను. ఎత్తు కొంచెము ఎక్కువైనచో పనివాడు సరిచేయగలడు. దండియే వంగిపోయినచో ఆ గిటారును అచ్చటనే విడిచి రండు.

చిన్న గిటారు అందరికి తగినదని మా అభిప్రాయము కాదు. పదిమందితో కలిసి బిళ్ళతో వాయించుచు పాడువారికి డ్రెడ్‌నాట్ నప్పును. ఉక్కు తీగల ఒరపిడి ఓర్వలేనివారికి నైలాను తీగల గిటారు కలదు. దాని దండి సుమారు రెండంగుళముల వెడల్పు, తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ప్రయాణములకని చేసిన మరీ పొట్టి గిటారులలో మంద్రము పలుచబడి, బొటనవ్రేలి పని వెలవెలబోవును. చిన్నదనమునకును హద్దు కలదు.

కొనిన పిమ్మట దానిని కాపాడవలెను. కొయ్యకు గాలిలో తేమ 45 నుండి 55 పాళ్ళ వరకు హితము. మన తీరప్రాంతముల వానకాలమున పైపలక తేమను పీల్చి ఉబ్బును. తీగలు ఎత్తు పెరుగును. రాయలసీమ, తెలంగాణము ఎండలలో కొయ్య ఎండి చీలవచ్చును. గోడకు వ్రేలాడదీయుట కంటె, తేమను అదుపులో నుంచు సంచితో గట్టి పెట్టెలో భద్రపరచుట మంచిది. మన అడవులలో ఇరుగుడు అని పిలువబడు చెట్టు కొయ్యయే విదేశములలో ఇండియన్ రోజ్‌వుడ్ అను పేర పెక్కు మేలైన గిటారులకు వెనుక పలక, ప్రక్క పలకలు అగుచున్నది. 1969 ప్రాంతమున బ్రెజిల్ కొయ్య దొరకుట కష్టము కాగా మార్టిన్ వారు ఈ కొయ్యకు మరలిరి. మన మన్నుననే పెరిగినను, గిటారుగా మారిన పిమ్మట ఆ కొయ్య మన వాన, ఎండలను ఓర్వలేదు, శ్రద్ధ తప్పదు.

సాయంకాలము పని ముగించుకొని, ముందుగదిలో కూర్చుండి, ప్రక్కగదిలో చదువుకొను పిల్లలకు ఆటంకము కలుగకుండ ఒక పాటను తన చెవికి తాను వాయించుకొనుట సామాన్యమైన సుఖము కాదు. ఆ సుఖము నిలుచుటయో, వాద్యము బీరువాపై కెక్కుటయో చాలవరకు కొనునాటి అరగంట పరీక్షపై ఆధారపడియుండును. కావున అంగడికి పోవునపుడు తొందరపడక, వాయింపవలసినవారి చేతులను వెంట తీసికొనిపొండని శ్రోతలకు మా మనవి.