నానమ్మ వేయించిన చుక్కలు

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి. తప్పులుంటే ఈ సభలో ఉన్న డాక్టర్లు దిద్దుతారని ధైర్యం.

మావాడు 2017లో ఇక్కడే ఎడిసన్‌లో పుట్టాడు. ఇద్దరివీ ఉద్యోగాలు కనుక, మీలో చాలామంది చేసినట్టే, ఐదో నెలలో మా అమ్మతో తెనాలి పంపాం. 2019లో తిరిగొచ్చాక, అమ్మ సంచీలోంచి టీకాల కార్డు తీసి, బంగారం అప్పగించినంత భద్రంగా నర్సు చేతికిచ్చింది. "ఈ పోలియో చుక్కలు లెక్కలోకి రావు, ఇంజెక్షన్ వేయాలి" అందావిడ. అమ్మకి ఉక్రోషం వచ్చింది. "ఎండలో నిలబడి వేయించానురా! అవేమన్నా నీళ్ళా?"

నీళ్ళు కావు. 1995లో మొదలైన పల్స్ పోలియో ఆదివారాలే ఇండియాని గట్టెక్కించాయి. చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014లో దేశం పోలియో రహితమైంది. అదంతా చుక్కల పుణ్యమే. కానీ చుక్కల్లో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. బహు అరుదుగా అదే కాళ్ళు పడగొడుతుంది. టీకాలు సరిగా అందని చోట ఒకరి నుంచి ఒకరికి పాకి మళ్ళీ బలం పుంజుకుంటుంది కూడా. అందుకే అమెరికా 2000లో చుక్కలు మానేసి పూర్తిగా ఇంజెక్షన్‌కి మారింది.

పోలియో వైరస్‌లో మూడు రకాలు. రెండో రకం సహజ వైరస్ 1999 తర్వాత ఎక్కడా కనబడలేదు. దాంతో 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా చుక్కల్లోంచి ఆ రకాన్ని తీసేశారు. ఇంజెక్షన్‌లో మాత్రం మూడూ ఉంటాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల్ని అమెరికా లెక్కలో కలపకపోవడానికి కారణమిదే. ఇండియాలోనూ 2015 నవంబరు నుంచి మామూలు టీకాలతోపాటు ఇంజెక్షన్ ఇస్తున్నారు. అయితే అది పసినెలల్లో వేసేది, అప్పటికి మావాడు ఇక్కడున్నాడు!

ఇదంతా కాగితాల గొడవ అనుకునేవాణ్ణి. 2016లోనే హైదరాబాదు మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనబడితే, జూన్‌లో సుమారు మూడు లక్షలమంది పిల్లలకి ఇంజెక్షన్లు వేశారు. 2022లో అదే రకం, మనకి గంట ప్రయాణం దూరంలోని రాక్లాండ్ కౌంటీలో, టీకా వేయించుకోని ఒక యువకుడి కాళ్ళు పడగొట్టింది. అక్కడి మురుగునీటిలోనూ దొరికింది.

పిల్లల్ని ఊరికి పంపేవారు వెళ్ళేముందే ఇక్కడి డాక్టరుతో మాట్లాడండి. అక్కడ వేసింది చుక్కో, ఇంజెక్షనో కార్డులో తేదీతో రాయించండి.

మావాడికి ఇంజెక్షన్లు పూర్తయ్యాయి. అమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోదు. చుక్కలు వేయించిన ఆదివారాలన్నీ పాత కేలండరులో సున్నా చుట్టి దాచుకుంది.