మా తెరచాప పడవ, మా స్నేహితులు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకొన్నవారము. ఇంట్లో క్రెయోల్ మాట్లాడి, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలు చెప్పి, తల నెరిసిన తరువాత అ ఆ లు దిద్దినాము. తప్పులుంటే మన్నించండి.

కార్యదర్శిగారు "మీ పడవవాళ్ల సంగతులు చెప్పండి" అన్నారు. పడవవాళ్లంటే మాయెబూర్ తీరమున నలభై ఏళ్లకు పైగా కలిసి తెరచాప పడవ నడిపిన ఎనిమిది మందిమి. అయిదుగురము తెలుగువాళ్లము, ఒకరు తమిళులు, ఒకరు ముస్లిములు, ఒకరు క్రెయోల్ వడ్రంగి. క్లబ్బు అని చెప్పుకొన్నాము గాని దానికి గది లేదు, కుర్చీ లేదు. ఒక పిరోగ్, ఒక సరుగుడు చెట్టు నీడ, ఇదే మా ఆస్తి.

1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను వచ్చినప్పుడు మేము ఇంకా చదువుకొనే పిల్లలము. వడ్రంగి స్నేహితుని తండ్రి పడవ ప్రక్క పలకలు విరిగి ఇసుకలో బోర్లా పడి ఉంది. ఆయన బాగుచేస్తుంటే మేము మేకులు అందిస్తూ, పలకల సందులలో నూలు కూరుతూ అక్కడే ఉండిపోయినాము. పని అయిన తరువాత ఆయన మమ్మల్ని ఇంటికి పొమ్మనలేదు. మా సభ్యత్వము అదే.

మా పడవ చిన్నది, తెరచాప పెద్దది. ఆగ్నేయపు గాలి గట్టిగా పట్టిందంటే పడవ ఒరుగుతుంది. అప్పుడు అందరమూ గాలి వచ్చే వైపుకు జరిగి, వీపు నీళ్ల మీదికి వాల్చి కూర్చోవాలి. ఒక్కరు బద్ధకించినా అందరమూ తడుస్తాము. లావుగా ఉన్నవారికి మా దగ్గర ఉన్నంత గౌరవము మరెక్కడా ఉండదు!

పడవ ముందు ఒకరు నిలబడి నీటి రంగు చూసి పగడపు దిబ్బ ఎక్కడుందో చెప్పాలి. వెనుక చుక్కాని పట్టినవారికి తెరచాప అడ్డము, ముందున్నది సరిగా కనబడదు. ఒకసారి ఈ ఇద్దరికీ మాటలు పోయినవి. ఒకరి చెల్లెలి పెళ్లికి రెండవవారి ఇంటికి పిలుపు సరిగా వెళ్లలేదట. పదకొండు నెలలు ఒడ్డు మీద మాట లేదు, పలకరింపు లేదు. ఆదివారము పడవ ఎక్కితే మాత్రము ముందాయన "బాబోర్!" అంటే వెనుకాయన ఎడమకు తిప్పేవారు. "త్రిబోర్!" అంటే కుడికి. ఒక్కనాడూ అనుమానించలేదు. మేము మధ్యలో కూర్చొని నవ్వు ఆపుకొనేవాళ్లము. చివరికి ఒక ఆదివారము ముందాయన నీళ్ల వైపు చూస్తూనే, తల తిప్పకుండా, "నీ కొడుకు జ్వరము తగ్గిందా?" అన్నారు. "తగ్గింది" అని వెనుకనుంచి జవాబు వచ్చింది. పెళ్లి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతకాలము మేము తెరచాపను లావ్వాల్ అనే పిలిచినాము. సాయంకాలపు తరగతిలో పంతులమ్మగారు నల్లబల్ల మీద "తెరచాప", "చుక్కాని" అని వ్రాసినప్పుడు మా వెనుక బెంచీలో పెద్ద సందడి అయింది. ఆమే కోరంగి సంగతీ చెప్పినారు. పాతరోజులలో ఇక్కడ మనలను "కొరంగి" అంటే చిన్నప్పుడు మాకు కోపము వచ్చేది. అది కాకినాడ దగ్గరి రేవు పేరు. 1843లో తెలుగువారిని ఇక్కడికి తెచ్చిన ఓడ పేరు కూడా కోరింగా ప్యాకెట్. మా తాత వచ్చింది పొగ ఓడలో, అది వేరే సంగతి.

2020 జూలై 25న వకాషియో అనే సరుకు ఓడ పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బకు తగిలింది. ఆగస్టు 6న చమురు కారడము మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు పోయింది. ఆ రోజులు మీలో చాలామందికి తెలుసు, మీరూ వచ్చినారు. చెరకు ఎండుటాకు గుడ్డ సంచులలో కూరి, కుట్టి, తేలడానికి ఖాళీ సీసాలు కట్టి నీటిలో వేసినాము. మా చుక్కాని స్నేహితునికి అప్పటికి చూపు తగ్గింది. ఆయన సంచి పట్టుకొంటే ముందాయన కుట్టుతున్నారు. వాసనకు తల తిరుగుతున్నది. "నీటి రంగు ఎట్లా ఉంది?" అని ఆయన అడిగినారు. నలభై ఏళ్లు నీటి రంగు చెప్పిన మనిషి ఆనాడు చెప్పలేదు. "సంచి గట్టిగా పట్టుకో" అన్నారు.

ఆ తరువాత కొన్ని నెలలు ఆ నీటిలోకి ఎవరినీ పోనివ్వలేదు. మళ్లీ తెరిచిన తరువాత మేము ఎనిమిది మందిమీ కలిసి ఒక్కసారే వెళ్లినాము. 2022లో చుక్కాని స్నేహితుడు కాలము చేసినారు. ముందాయన కూతురి దగ్గరకు ఆస్ట్రేలియా వెళ్లిపోయినారు, ఆదివారము ఫోను చేసి గాలి ఎటునుంచి అని అడుగుతారు. ఇంకొకరికి మోకాళ్లు సహకరించడము లేదు. మిగిలింది అయిదుగురము.

పడవ బాగానే ఉంది. నిరుడు వడ్రంగి స్నేహితుడు రెండు పలకలు మార్చినారు. అయితే అయిదుగురి బరువుతో పెద్ద తెరచాప ఎత్తలేము. గాలి గట్టిగా ఉంటే చిన్నది కట్టుకొని ఒడ్డు వెంట తిరిగి వస్తున్నాము. పెద్దది మడత పెట్టి ఇంట్లో ఉంచినాము.

ఈత వచ్చిన పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు. ఆదివారము ఉదయము ఏడు గంటలకు సరుగుడు చెట్టు దగ్గర ఉంటాము. తల్లిదండ్రులు దాల్‌పూరీలు కట్టి పంపండి, కొంచెము ఎక్కువే పంపండి. మూడు చోట్లు ఖాళీగా ఉన్నవి. లావుగా ఉన్నవారికి మొదటి అవకాశము.